మూడు డోసులా, రెండు డోసులా

ఐదేళ్లలోపు పిల్లల కొవిడ్ టీకాకు తొందరేం లేదు, చలికాలం దాకా ఆగొచ్చని అప్పట్లో ఒకరు రాశారు. మేం ఆగలేదు. 2022 జూన్‌లో ఇక్కడ అమెరికాలో ఆరు నెలలు దాటినవాళ్లకు అనుమతి రాగానే క్యాలెండర్ ముందేసుకున్నాం. అప్పట్లో ఫైజర్ టీకా మూడు డోసులు: మూడు వారాలకు రెండోది, ఆపైన కనీసం ఎనిమిది వారాలకు మూడోది. జూలైలో మొదలెట్టినా ఆగస్టు చివరికి పూర్తయ్యేది కాదు. మోడెర్నా నెల తేడాతో రెండే. మా బుడ్డోడికి ఆగస్టు చివర్లో ప్రీస్కూల్ మరి! అందుకే మోడెర్నా. ఆ రాత్రి కాస్త జ్వరం, బోలెడు పేచీ. తెల్లారేసరికి ఇడ్లీ అడిగాడు.

హైదరాబాద్ నుంచి అత్తయ్య మాత్రం "ఇంత పసివాడికా?" అని వీడియో కాల్‌లో ఒకటే గొడవ. అప్పటికి అక్కడ పన్నెండేళ్లు నిండినవాళ్లకే వేస్తున్నారు, ఆవిడ భయం ఆవిడది. నిజం చెప్పాలంటే, సూది పడేదాకా నాకూ టెన్షనే.