మౌత్‌గార్డ్ నా పళ్లకే పట్టింది

ఇది పొద్దున జరిగింది. దవడ నొప్పి ఇంకా తగ్గలేదు.

మాది బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు. పక్కనున్న టర్ఫ్‌లో ఆదివారాలు అమ్మాయిలకి లాక్రాస్, అంటే చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఆట, నేర్పుతారన్నారు, మా పదేళ్లది చేరతానంది, డబ్బు కట్టేశాం, కిట్టు కూడా ఇచ్చారు. ఆ కిట్టుని ఏం చేయాలో చెప్పే మెసేజ్ మాత్రం శనివారం రాత్రి పదకొండున్నరకి పెట్టారు. పళ్లకి దెబ్బ తగలకుండా నోట్లో పెట్టుకునే మౌత్‌గార్డ్‌ని వేడినీళ్లలో ముంచి, పిల్ల పళ్లకి అచ్చు తీసి, పొద్దున ఆరున్నరకల్లా తీసుకురావాలట. రెండువారాల ముందే డబ్బు తీసుకున్నవాళ్లకి ఈ ముక్క ముందే చెప్పడానికి నోరు రాలేదు.

తెల్లారకుండా లేచి టీ గిన్నెలో నీళ్లు కాచి ముంచాను. పిల్లేమో "ఛీ, రబ్బరు వాసన" అని నోరు తెరవదు. "ఇందులో ఏముందే, ఇలా పెట్టుకుని ఇలా కొరకడమే" అని నేనే పెట్టుకుని, గట్టిగా కొరికి చూపించాను. అంతే. అచ్చు దిగిపోయింది, నా పళ్లది.

టర్ఫ్‌లో కోచ్ ముందు తల్లిదండ్రులకి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఈ ఆట 1904, 1908 ఒలింపిక్స్‌లో ఉండేదట, మళ్లీ 2028లో లాస్ ఏంజెలెస్‌లో, జట్టుకి ఆరుగురితో వస్తోందట. 2023లో ముంబయి సమావేశంలో క్రికెట్‌తో పాటే దీన్నీ ఒప్పుకున్నారు అనేసరికి, అంతదాకా ఫోన్లు గీకుతున్న నాన్నలందరూ తలలెత్తారు. అమ్మాయిల ఆటలో ఒంటితో గుద్దుకోవడం ఉండదు, కళ్లకి గాగుల్స్, నోట్లో మౌత్‌గార్డ్ ఉండాలి, లేకపోతే లోపలికి రానివ్వం అన్నాడు. తర్వాత పిల్లల నోళ్లు చూడటం మొదలైంది. మా దాని నోట్లో గార్డు గడగడా ఊగుతోంది. విషయం చెప్పక తప్పలేదు.

"సరే సార్, పట్టినవాళ్లే ఆడాలి కదా. డెమోకి మీరు రండి, స్వల్ప అడ్జస్ట్ మాడి" అన్నాడు, కొంచెం సర్దుకోమని కన్నడంలో.

ఆట మొదలుపెట్టేదాన్ని 'డ్రా' అంటారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, కర్రల్ని నడుము ఎత్తులో అడ్డంగా పట్టుకుని, వలల వెనక వైపులు ఆనించి, మధ్యలో బంతిని నొక్కి పెట్టాలి. విజిల్ వేయగానే ఇద్దరూ కర్రల్ని పైకి లాగాలి, బంతి ఇద్దరి తలలు దాటి ఎగరాలి. నా ఎదురుగా రెండు జడల పిల్ల, మా అమ్మాయికన్నా బెత్తెడు పొట్టి. ఆ వయసులో నాకు జామచెట్టు మీదకి రాళ్లు రువ్వడం తప్ప ఏ ఆటా రాదు, ఈ వయసులో అదీ రాదు. ఆ మాటే కోచ్‌తో చెబుదామని నోరు తెరిచాను. గార్డు పెట్టుకుని "నాకు రాదండీ" అంటే "ఆగూ ఆఆఅండీ" అని వస్తుందని అప్పుడే తెలిసింది. తెలుగు పోనీ, ఇంగ్లీషులో ప్రయత్నించాను. కన్నడంలో కూడా. మూడు భాషలూ ఒకేలా ఉన్నాయి, కోచ్‌కి మాత్రం మూడూ "రెడీ" అనే వినిపించాయి. బంతి చూస్తే గట్టి రబ్బరు, దాదాపు 145 గ్రాములు. మా ఆవిడ గట్టు మీదనుంచి "ఏవండీ, నడుం జాగ్రత్త" అంది, వందమంది వినేలా. నోట్లో చొంగ ఊరుతోంది, తుడుచుకుందామంటే రెండు చేతులూ కర్ర మీదే. ఆ పిల్ల నావైపు జాలిగా చూసి, "అంకుల్, మోకాళ్లు వంచండి" అంది. వంచాను. ఒకటి టక్కుమంది.

విజిల్. లాగాను. బంతి ఎగిరింది. అది ఎటు వెళ్లిందో చూద్దామని తలెత్తి, కాకిపిల్లలా నోరు తెరిచాను. పిల్లల సైజు గార్డు కదా, నా ముందుపళ్లకే పట్టింది, ఆ కాస్తా జారి టర్ఫ్ మీద పడింది. దానికి నల్ల రబ్బరు గుళికలన్నీ గసగసాల్లా అంటుకున్నాయి. జడల పిల్ల ఎప్పుడో బంతి అందుకుని, కర్రని ఉయ్యాలలా ఊపుకుంటూ గోల్ వైపు పోయింది.

"నాన్నా, అది నాది" అని గట్టు మీదనుంచి మా అమ్మాయి ఏడుపు.

ఇంటికొచ్చి మళ్లీ కాచాను, ముద్దయింది. అడిగితే కిట్టు వెనక్కి తీసుకోరట, ఇంకోటి కొనుక్కోవాలట. ఆర్డర్ పెట్టాను. వచ్చాక ప్యాకెట్ విప్పొద్దని నాకు మా ఆవిడ ఆర్డర్.