తక్‌పట్టీలో చుక్క

మా బావకు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి దుకాణం, అంటే రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం, ఉన్నది. అందులో లెక్కలు చూసేవాడిని నేనే. 'చూసేవాడిని' అనడం ఊరికే అలవాటు కొద్దీ వచ్చిన మాట. పుట్టుకతోనే చూపు లేనివాడిని కనుక లెక్కలు వినేవాడిని అనడమే న్యాయం. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.కాం. చదివిన నాటి నుంచి నేటి దాకా పాఠాలు, పద్దులు, పొద్దున పూట వార్తలు అన్నీ నాకు కంప్యూటర్‌లో ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్ నోటి మీదుగానే చేరుతున్నాయి.

నేను వాడే స్క్రీన్ రీడర్ పేరు ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో దాన్ని మొదలుపెట్టగా, ఆయనలాగే చూపులేని జేమ్స్ టే తోడై దాన్ని పెంచి పెద్దచేశాడు. దాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఈ ఉచితం సంగతి బావకు చెప్పకుండా ఉండవలసింది. "ఎంత వెట్టి కొన్నవ్ బామ్మర్దీ?" అని ఆయన అడిగిన రోజున "ఒక్క పైస పెట్టలె బావా" అని గొప్పగా చెప్పుకొన్నాను. అది మొదలు దుకాణంలో కాంటా తప్పు చూపినా, కరెంటు పోయినా, చాయ్ చల్లారిపోయి వచ్చినా సరే, "పుక్యానికి అచ్చినదాంతోని గిట్లనే ఉంటది" అని తీర్పు చెప్పి ఊరుకొంటాడు. అసలు చిక్కంతా ఆయన రొక్కం పోసి కొన్న బిల్లుల ప్రోగ్రాములో ఉన్నదని నేను ఎన్నిసార్లు మొరపెట్టుకొన్నా వినలేదు.

స్క్రీన్ రీడర్ తెర మీది అక్షరాలను చూస్తుందని చాలామంది అనుకొంటారు కానీ దానికి అవి కనబడవు. ఆ విషయంలో దానికీ నాకూ తేడా లేదు. ఇక్కడున్నది బటనా, జాబితానా, రాసుకొనే గడియా, దీని పేరేమిటి అని అది ప్రోగ్రామును అడుగుతుంది. రాసినవారు జవాబు లోపల పెట్టి ఉంచితే అందుకొని నాకు చదివి వినిపిస్తుంది. సరుకు తూచే దడ్వాయిని తూకం అడిగితే చెప్పినట్లే ఇదీను. మా ప్రోగ్రాము రాసిన మహానుభావుడు మాత్రం బటన్లను బొమ్మలుగా గీసి, రంగులు పూసి, పేర్లు పెట్టడం మరిచిపోయాడు. అందువల్ల నేను ఎక్కడికి వెళ్లి నిలబడినా నా చెవిలో వినిపించే మాట ఒక్కటే: "పేన్", అంటే తెరలో ఏదో ఒక ముక్క. ట్యాబ్ నొక్కితే పేన్. బాణం మీట నొక్కితే పేన్. 1163లో రుద్రదేవుడు కట్టించిన మా వేయి స్తంభాల గుడికి రమ్మని పిలిచి, ఎక్కడ కలుద్దామని అడిగితే "స్తంభం దగ్గర" అని ఫోన్ పెట్టేసిన స్నేహితుడిలా ఉంటుంది దాని తీరు.

ఇటువంటి మూగ ప్రోగ్రాముల కోసమే 2017లో ఎన్‌వీడీఏకు ఒక కొత్త విద్య వచ్చింది. విండోస్ 10తో పాటు వచ్చే అక్షర గుర్తింపు సదుపాయాన్ని అది వాడుకొంటుంది. ఇన్సర్ట్ మీట పట్టుకొని ఆర్ నొక్కితే చాలు, ఎదుట ఉన్న భాగాన్ని ఫోటో తీసి, అందులోని గీతల్లో అక్షరాలు ఏవో పోల్చుకొని, ఒక కాగితంలాగా నా ముందు పరుస్తుంది. దాని మీద బాణం మీటలతో నడుస్తూ, కావలసిన మాట దగ్గర ఆగి ఎంటర్ నొక్కితే, తెర మీద సరిగ్గా ఆ మాట ఉన్న చోట మౌస్‌తో క్లిక్ చేసినట్లు అవుతుంది. పేరే లేని బటన్‌ను దాని నుదుటి రాత చదివి నొక్కడమన్నమాట. మొదటిసారి అది పనిచేసిన నాడు నేను బావకు మిర్చి బజ్జీలు తినిపించాను. మిర్చి అమ్ముకొనేవాడికి మిర్చి బజ్జీ తినిపించడంలోని ఔచిత్యాన్ని ఆయన ఇప్పటికీ ప్రశ్నిస్తూనే ఉంటాడు.

అయితే అడిగి తెలుసుకోవడం వేరు, మొహం చూసి పోల్చుకోవడం వేరు. పసుపు రంగు మీద చిన్న ఎర్రటి అక్షరాలతో రాసిన మా తక్‌పట్టీని, అంటే రైతుకు ఇచ్చే తూకం, డబ్బు లెక్కల చీటీని, పోల్చడం మనుషులకే కష్టమని బావ ఒప్పుకొంటాడు. అయిదు ఎస్ అవుతుంది, ఒకటి ఎల్ అవుతుంది, ఎనిమిది బీ అవుతుంది. ఇటీవలే, 2025లో, భౌగోళిక గుర్తింపు తెచ్చుకొన్న మన వరంగల్ చపాటా మిర్చి పేరులో ఒక్క అక్షరం గీత చెరిగి, మా దుకాణం రికార్డులో ఒక పూటంతా 'చపాలా' అని వినిపించింది. చాపల వ్యాపారం ఎప్పుడు మొదలుపెట్టావని నేను బావను నిజంగానే అడిగాను. అన్నింటికంటే ప్రమాదకరమైనది చుక్క. అంకెల నడుమ ఉండే ఆ చిన్న చుక్కను గుర్తింపు యంత్రం ఒక్కోసారి తెర మీది దుమ్ము కింద జమకట్టి వదిలేస్తుంది. ఒక రైతు తెచ్చిన 14 బస్తాల సరుకు 5.88 క్వింటాళ్లు తూగితే నాకు 588 క్వింటాళ్లుగా వినిపించింది. ఆ లెక్కన బస్తా ఒక్కొక్కటి 42 క్వింటాళ్లు. దాన్ని భుజాన వేసుకొని వచ్చిన హమాలీ పెద్దన్న అప్పుడే గుమ్మంలో బీడీ ముట్టించుకొంటూ ఏమీ ఎరగనట్లు నిలబడి ఉన్నాడు.

తెర పరదా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రైతుల లెక్కలు పక్కవారి కంట పడరాదని నేను ఎన్‌వీడీఏలోని పరదాను వేసి ఉంచుతాను. అది వేస్తే తెర మొత్తం నల్లబడుతుంది, నా పని నాకు సాగుతుంది. బావ మొదట దాన్ని చూసి కంప్యూటర్ చచ్చిపోయిందని మెకానిక్కును పిలిపించాడు. ఆ పరదా ఉన్నంతసేపు అక్షర గుర్తింపు మాత్రం పనిచేయదు. ముందు పరదా తీయమని ఎన్‌వీడీఏ మర్యాదగానే చెబుతుంది. ఎందుకంటే ఫోటోలో కూడా నలుపే పడుతుంది మరి. అదే మానిటర్ స్విచ్చి ఆపివేస్తే దానికి ఏ అభ్యంతరమూ లేదు. బొమ్మ తయారయ్యేది కంప్యూటర్ కడుపులో కనుక అద్దం వెలిగినా ఆరినా గుర్తింపు సాగిపోతుంది. ఈ తేడాను బావకు వివరించబోయి ఒక మధ్యాహ్నం పోగొట్టుకొన్నాను. "నల్లగ ఉంటె సదవది అంటవ్, బంద్ వెడితె సదువుతది అంటవ్. ఎవలకు జెప్తవ్ రా?" అన్నాడు.

ఇక గడువు కథ. ములుగు వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతుకు ఆయన పట్టీని వరుసగా చదివి వినిపిస్తున్నాను. యంత్రం ఇంగ్లీషులో చెప్పింది చెప్పినట్లు, నేను తెలుగులో అప్పగించడం అలవాటు. పేరు చెప్పాను, ఊరు చెప్పాను, రకం తేజ అన్నాను, బస్తాలు 9 అన్నాను. ఆ తరువాతి వరుసలో అదే గొంతుతో, అదే వేగంతో నా చెవిలో ఏది పడిందో అది చెప్పేశాను: "మీ గడువు ఇంక 3 రోజుల్లో ముగుస్తున్నది."

దుకాణంలో కాంటా చప్పుడు ఆగిపోయింది.

"ఎవలు జెప్పిండ్రు బిడ్డా?" అన్నాడు ముసలాయన నెమ్మదిగా.

"కంప్యూటర్ల ఉన్నది కాకా" అన్నాను, ఇంకా నాకు తెలివి రాక.

"మొన్ననే దవాఖానల సూపిచ్చుకున్న. డాక్టరు సుత మంచిగనే ఉన్నవన్నడు గద?"

నేను తరువాతి వరుస చదివాను. డబ్బు చెల్లించి వెంటనే పొడిగించుకోవాలని అందులో ఉన్నది. ముసలాయన కాసేపు ఆలోచించి, "ఎంతనట?" అని అడిగాడు. అప్పటికి నాకు అర్థమైంది. వైరస్ కాపలా ప్రోగ్రాము ఒకటి తన చందా గుర్తు చేయడానికి తెర మూలన తలుపు తెరుచుకొని వచ్చి సరిగ్గా మా పట్టీ మీద కూర్చొన్నది. ఫోటోలో పట్టీ ఏదో, పైన కూర్చొన్నది ఏదో యంత్రానికి తేడా ఉండదు. రెండింటినీ కలిపి కుట్టి ఇస్తుంది. సంగతి విడమరిచి చెప్పి, దండం పెట్టి, చాయ్ తాగించి పంపించాను. వెళుతూ వెళుతూ ఆయన, "ఎందుకైన మంచిది, నా పేరు మీద గూడ గట్టున్రి" అని బావతో అన్నాడు.

మార్చి ఒకటో తేదీన జరిగినదానితో పోలిస్తే అది చిన్న ముచ్చట. ఆ సీజన్‌లో మార్కెట్‌ నిండా మిర్చి రాసులే; గాలిలో ఘాటు తప్ప వేరే ఏమీ ఉండదు. ఆనాటి ధర తేల్చే జెండా పాట వేలం అయిపోయి, కాంటాలు మొదలై, దుకాణం ముందర రైతులు నిలబడి ఉన్నారు. నేను ఒక పట్టీ పూర్తిచేసి, ఇన్సర్ట్ ఆర్ నొక్కి, బాణంతో కిందికి దిగి, కుడి మూలన ఉండే 'ప్రింట్' అనే మాట మీదికి చేరుకొన్నాను. ఎంటర్ మీద వేలు ఆనించిన క్షణాన తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, వరుసగా మూడు. మిర్చి మార్కెట్‌లో తుమ్ములు జంటగానైనా రావాలి, ముక్కోటిగానైనా రావాలి. మొహం తుడుచుకొని ఎంటర్ నొక్కాను.

నేను నడుస్తున్నది తెర మీద కాదని, తుమ్ముకు ముందు తీసిన ఫోటో మీద అని ఆ క్షణంలో నాకు జ్ఞాపకం లేదు. ఈలోగా తెర మారిపోయింది. ప్రతి నెలా ఒకటో తేదీన ఆ ప్రోగ్రాము తనంతట తాను ఒక డబ్బా గీసి, పోయిన నెల పట్టీలన్నింటినీ మళ్లీ ముద్రించాలా అని అడుగుతుందట. అది కూడా బొమ్మే కనుక ఎన్‌వీడీఏకు అది వచ్చినట్లు కబురు లేదు. రోజూ తెర చూసే బావ ప్రతి ఒకటో తేదీనా 'నో' నొక్కి, ఆ సంగతి నాకు చెప్పాలని కూడా అనుకోలేదు. 'ప్రింట్' ఉన్న కుడి మూలలో ఇప్పుడు 'ఎస్' ఉన్నది. నా క్లిక్ పోయి దాని నెత్తిన పడింది.

మాది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. దాని చప్పుడు తెలియనివారు తగరపు డబ్బాలో తేనెటీగలను పెట్టి మూత బిగించినట్లు ఊహించుకోవచ్చు. ఒక పట్టీకి ఎంతసేపు అరుస్తుందో నా చెవికి లెక్క ఉన్నది. ఆ లెక్క దాటినా అరుపు ఆగలేదు. కాగితం మడతలు విప్పుకొంటూ నా మోకాళ్ల మీదికి వచ్చి, అక్కడి నుంచి నేల మీదికి దిగింది. ఆర్ నొక్కి చూస్తే, '7 ఆఫ్ జీ12' అని వినిపించింది. జీ అంటే ఏమిటని ఆలోచిస్తూ మళ్లీ నొక్కాను: '11 ఆఫ్ 6 ఎల్ 2'. ఈ రెంటినీ కలిపి చదువుకొన్నాక తెలిసింది, మొత్తం 612 అని. ఆపడానికి ఏదో ఒక బటన్ ఉండే ఉంటుంది. బూడిద రంగు మీద తెల్లటి అక్షరాలతో ఉన్నందువల్ల యంత్రం దాన్ని గోడ అనుకొన్నది.

"బంద్ వెట్టు, బంద్ వెట్టు" అంటూ బావ పరుగున వచ్చి మానిటర్ స్విచ్చి ఆపాడు. ఆయన దృష్టిలో కంప్యూటర్ అంటే అదే. ప్రింటర్ ఆగలేదు. నేను ఆర్ నొక్కి, "31 అయినయి బావా" అన్నాను. "తెర బంద్ వెట్టిన గదరా, ఎట్ల సదువుతున్నవ్?" అని ఆయన నిర్ఘాంతపోయాడు. ఆ మధ్యాహ్నం నేను చెప్పిన పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగం దొరకదు కానీ చెప్పే తీరిక లేదు. హమాలీ పెద్దన్న ప్రింటర్ వైరునే పీకేశాడు. చప్పుడు ఆగింది, అందరూ ఊపిరి పీల్చుకొన్నారు. నిలబడి ఉన్న రైతుకు పట్టీ కావాలని వైరు మళ్లీ పెట్టగానే అది ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే అందుకొన్నది.

చివరికి నాకు బుద్ధి తోచి, బిల్లుల ప్రోగ్రామును వదిలేసి, విండోస్‌లోని ప్రింటర్ వరుసను తెరిచాను. అదొక మామూలు కిటికీ. ఫోటో అక్కరలేదు, పోల్చుకోవడం అక్కరలేదు. అడిగిన వెంటనే ప్రతి పట్టీ పేరునూ పొల్లు పోకుండా చదివింది. మెనూలో అన్నింటినీ రద్దు చేసే మాట కూడా స్పష్టంగా వినిపించింది. నొక్కాను. అప్పటికి 94 పట్టీలు నేల మీద ఉన్నాయి, ఇద్దరు రైతులు వాటిలో తమ పేర్లు వెతుక్కొంటున్నారు. పది నిమిషాలు మేము పడ్డ పాట్లకు ఆ పేర్లున్న కిటికీలో పట్టింది పది సెకన్లు. ఇది బావకు చెప్పాను. ఆయన కాగితాలు మడత పెడుతూ, "పుక్యానికి అచ్చినదాంతోని..." అని మొదలుపెట్టాడు.

మరుసటి రోజు పొద్దున నేను వెళ్లేసరికి ఆయన ముందు జాగ్రత్త తీసుకొని ఉన్నాడు. ఆ 94 పట్టీలలో ఒకదాని వెనుక వైపు లావు స్కెచ్ పెన్నుతో 'ఎస్ నొక్కవద్దు' అని రాసి, మానిటర్ కుడి మూలన ఆ బటన్ వచ్చే చోట అద్దం మీద గట్టిగా అంటించాడట. ఇక దాన్ని ఎవరూ నొక్కలేరని ఆయన ధీమా. యంత్రం అద్దాన్ని చూడదని, ఆ కాగితం దానికి ఉన్నా లేనట్లేనని నేను చెప్పలేదు. మళ్లీ ఒక మధ్యాహ్నం పోతుంది.

పది గంటలకు మొదటి పట్టీ తయారైంది. బావ తెర ముందుకు వంగి, ఇటు తిరిగి, అటు తిరిగి, కాసేపు గొణుక్కొని, "బామ్మర్దీ, కింద మొత్తం ఎంతున్నదో జెర సదువు, కాయిదం అడ్డమొచ్చింది" అన్నాడు.

ఆర్ నొక్కి చదివాను: 61 లక్షల 45 వేలు. చుక్క ఎక్కడున్నదో మాత్రం కాగితం ఎత్తి ఆయననే చూసుకొమ్మన్నాను.