మన లాయరు ఎవరి లాయరు?

అమెరికాలోని మన తెలుగు సంఘాల మహాసభల్లో ఎప్పుడూ కిటకిటలాడే గది ఒకటుంది. సాహిత్య సభ కాదు, అవధానం కాదు, ఇమిగ్రేషన్ లాయర్ల ప్రశ్నోత్తరాల గది. ప్రయారిటీ డేటు, ఐ-140, ఆర్‌ఎఫ్‌ఈ లాంటి వీసా, గ్రీన్‌కార్డు మాటలు మనవాళ్ల నోట తిథి వార నక్షత్రాల్లా అలవోకగా దొర్లుతాయి. కానీ "మూడు నెలలుగా జీతం ఇవ్వడం లేదు, ఎవరిని అడగాలి?" అని వచ్చే మనిషికి ఆ ప్రాంగణంలో ఒక కుర్చీ కూడా ఉండదు. నేను ఉద్యోగుల పక్షాన కేసులు వాదించే లాయరును. ఈ ఫిర్యాదులో నా వృత్తి స్వార్థం కొంత ఉందని ఎవరైనా అంటే కాదనను. స్వార్థం ఉన్నంత మాత్రాన ఫిర్యాదు అబద్ధమైపోదు.

ఈ లోటు నాకు బాగా కనిపించే చోటు వేరే ఉంది. కాలిఫోర్నియాలో ఉద్యోగుల తరఫు లాయర్లం కొందరం ఏటా ఒక వారాంతం మాంటెరే దగ్గర పసిఫిక్ గ్రోవ్‌లో, అసిలోమార్ అనే చోట కలుస్తాం. సముద్రపు ఒడ్డు, ఇసుక దిబ్బలు, వాటి వెనుక పైన్ చెట్లు, చెట్ల మధ్య రాయి, కలపతో కట్టిన పాత భవనాలు. 1913లో వైడబ్ల్యూసీఏ అనే క్రైస్తవ యువతుల సంఘం వారు యువతుల శిబిరంగా మొదలుపెట్టిన చోటు అది. కాలిఫోర్నియాలో ఆర్కిటెక్టుగా లైసెన్సు పొందిన తొలి మహిళ జూలియా మోర్గాన్ ఆ భవనాలకు రూపమిచ్చింది. 1956 నుంచి అది రాష్ట్ర పార్కుల శాఖ చేతిలో ఉంది. 1975 ఫిబ్రవరిలో జన్యు శాస్త్రవేత్తలు సమావేశమై, తమ ప్రయోగాలకు తామే హద్దులు గీసుకున్నది కూడా ఇక్కడే. పాత గదుల్లో టీవీ ఉండదు, ఫోను ఉండదు. వాకిట్లో జింకలు మేస్తుంటాయి, లాయర్లను చూసి బెదరవు.

"సముద్రం ఒడ్డున షికారుకు వెళ్లి చదువని చెప్పుకుంటారా?" అని మా ఇంట్లోనే అడిగారు. అందులో నిజం లేకపోలేదు. కాలిఫోర్నియాలో ప్రతి లాయరూ మూడేళ్లకోసారి 25 గంటల చదువు పూర్తి చేసినట్టు లెక్క చూపాలి, ఆ గంటలు అలలు చూస్తూ పూర్తి చేయడం చేదేమీ కాదు. పైగా ఈ వృత్తికి విశ్రాంతి అవసరమని అంకెలే చెబుతున్నాయి. 2016లో దాదాపు 12,800 మంది అమెరికన్ లాయర్ల మీద చేసిన అధ్యయనం ఒకటి వెలువడింది. అందులో ఐదుగురిలో ఒకరికి మద్యంతో ఇబ్బంది ఉంది, నలుగురిలో ఒకరికి పైగా కుంగుబాటు లక్షణాలున్నాయి.

అయినా అసలు కారణం అది కాదు. కంపెనీల తరఫున వాదించే పెద్ద సంస్థల్లో వందల మంది లాయర్లు ఒకే గొడుగు కింద ఉంటారు. సందేహం వస్తే నాలుగు అడుగులు వేసి పక్క గదిలో అడగవచ్చు. ఉద్యోగుల తరఫు లాయరుకు చాలావరకు పక్క గదే ఉండదు. ఒక్కరో, ఇద్దరో కలిసి నడిపే ఆఫీసులు. గెలిస్తేనే ఫీజు, గెలిచేదాకా ఖర్చులు సొంత జేబులోంచి. అందుకే ఏడాదికోసారి అందరూ ఒకచోట చేరి, ఆ పక్క గదిని తాత్కాలికంగా కట్టుకుంటారు. వీళ్లకంటూ జాతీయ సంఘం ఏర్పడిందే 1985లో. అమెరికాలో తెలుగువాళ్ల జాతీయ మహాసభలు 1977లో న్యూయార్క్‌లో మొదలయ్యాయి. సంఘాలు పెట్టుకోవడంలో మనం వీళ్లకంటే ఎనిమిదేళ్లు సీనియర్లం అన్నమాట. ఆ సీనియారిటీని దేనికి వాడుకున్నామన్నది వేరే ప్రశ్న.

రిట్రీట్ అని పిలుచుకునే ఆ వారాంతపు సమావేశంలో పగలు ఉపన్యాసాలు ఉంటాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎక్కడైనా వినదగినవే. విలువంతా రాత్రి భోజనాల తర్వాత, నెగడు చుట్టూ జరిగే సంభాషణలో ఉంటుంది. కక్షిదారుల రహస్యాలు బయటపెట్టకూడదు. అయితే మనిషిని పోల్చుకునే వీలు లేకుండా ఊహాజనితమైన కేసుగా చెప్పి తోటి లాయర్ల సలహా తీసుకోవడానికి వృత్తి నియమాలు ఒప్పుకుంటాయి. అందుకే అక్కడ ప్రతి కథా "ఒకానొక ఉద్యోగి ఉన్నాడనుకుందాం" అని మొదలవుతుంది.

ఒకసారి ఒక లాయరమ్మ చెప్పిన "ఒకానొక ఉద్యోగి" కథ విని నేను సర్దుకుని కూర్చున్నాను. యజమాని పిటిషన్ మీద వచ్చే హెచ్-1బి అనే ఉద్యోగ వీసాతో, వేరే కంపెనీల ప్రాజెక్టులకు మనుషులను పంపే ఒక కన్సల్టెన్సీలో చేరాడు. ప్రాజెక్టు అయిపోయింది, బెంచ్ మీద, అంటే పని లేకుండా ఖాళీగా, కూర్చోబెట్టారు, జీతం ఆపేశారు. ఏడాదిన్నర లోపు మానేస్తే కొన్ని వేల డాలర్లు కట్టాలని ఒప్పందంలో ఒక షరతు. ఫిర్యాదు చేద్దామంటే కన్సల్టెన్సీలో అతని బావమరిది స్నేహితుడికి వాటా ఉంది, ఇంట్లో గొడవలవుతాయని భయం. ఆ ఒక్క వివరంతో మనిషిని పట్టుకోవాలంటే మనవాళ్లు కిక్కిరిసి ఉండే ఫ్రీమాంట్ ఊళ్లో సగాన్ని అనుమానించాలి కాబట్టి రహస్యానికి వచ్చిన ముప్పేమీ లేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ కథ కాదు. రాష్ట్ర వేతన చట్టాలను సెక్షన్ల వారీగా అప్పజెప్పగల ఉద్దండులు ఆ నెగడు చుట్టూ ఉన్నారు. బెంచ్ మీద ఉన్నా జీతం ఇచ్చి తీరాలని ఫెడరల్ చట్టంలో ఉందన్న సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు. 1998లో అమెరికన్ కాంగ్రెస్ తెచ్చిన సవరణ అది. పని లేకపోవడానికి కారణం యజమాని అయితే, అంటే ప్రాజెక్టు దొరక్కపోతే, హెచ్-1బి ఉద్యోగికి నిర్ణీత జీతం ఆపే వీలు లేదు. ఉద్యోగి తనంతట తాను సెలవు పెట్టుకుంటే వేరే మాట. బెంచ్ జీతం రానివాళ్లు డబ్ల్యూహెచ్-4 అనే ఫారం నింపి కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు, ఉల్లంఘన జరిగిన 12 నెలల లోపు. ఈ సంగతులు ఇమిగ్రేషన్ లాయర్లకు కొట్టిన పిండి. వాళ్లకు రాష్ట్ర వేతన చట్టాలు అంతగా తెలియవు. ఒకరికి వీసా తెలుసు, ఒకరికి జీతం తెలుసు. మనవాడు ఆ రెండింటి మధ్య సందులో జారిపోతున్నాడు.

ఇమిగ్రేషన్ లాయరునే అడగవచ్చు కదా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. హెచ్-1బి పిటిషన్ వేసేది యజమాని. దానికయ్యే లాయరు ఫీజు కూడా నియమాల ప్రకారం యజమానిదే. చాలా సందర్భాల్లో ఆ లాయరు ఇద్దరి తరఫునా పనిచేస్తున్నట్టు లెక్క. ఇద్దరి దారీ ఒకటైనంతసేపు ఇబ్బంది లేదు. జీతం ఆగిన రోజున దారులు చీలిపోతాయి. ఆ రోజు ఆ లాయరు యజమానికి వ్యతిరేకంగా నోరు విప్పలేడు, విప్పకూడదు కూడా. మనవాళ్లు మాత్రం ఆయన్నే "మా లాయరు గారు" అంటూ మనసులోని గోడంతా చెప్పుకుంటారు.

లేఆఫ్‌ల సంగతి చూస్తే ఈ సందు ఎంత లోతో అర్థమవుతుంది. 2022, 2023లో టెక్ కంపెనీలు వేలల్లో తీసేసినప్పుడు మన ఇళ్లలో అరవై రోజులన్న మాట మంత్రంలా వినిపించింది. నిజానికి అరవై రోజులు రెండున్నాయి. పెద్ద కంపెనీలు మూకుమ్మడిగా తీసేసేటప్పుడు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది 1988 నాటి వార్న్ చట్టం. ఉద్యోగం పోయాక వీసాదారుకు 60 రోజుల దాకా గడువిచ్చేది 2017లో అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్ నియమం. రెండింటినీ కలిపేసుకుని, నోటీసు చేతికందిన రోజు నుంచే గడువు లెక్కపెట్టి సామాను సర్దుకున్నవాళ్లు నాకు తెలుసు. మామూలుగా గడువు లెక్క మొదలయ్యేది ఉద్యోగం ముగిసిన రోజు నుంచి, అంటే సాధారణంగా ఏ రోజు వరకు జీతం లెక్కగట్టారో ఆ చివరి రోజు నుంచి. కాబట్టి సెవరెన్స్, అంటే ఉద్యోగం తీసేసేటప్పుడు ఇచ్చే పరిహారం, బేరంలో మనవాడికి డబ్బు మొత్తంకంటే చివరి తేదీ ముఖ్యం కావచ్చు. వేతనాల లాయరుకు ఆ ఆలోచన రాదు, వీసా లాయరు ఆ బేరంలో ఉండడు.

సెవరెన్స్ కాగితం మీద ఆ రాత్రికి ఆ రాత్రే సంతకం చేసే అలవాటు ఒకటి మనది. నలభై దాటినవారు వయసు వివక్ష హక్కును వదులుకుంటూ సంతకం చేయాలంటే ఆలోచించుకోవడానికి 21 రోజులు ఇవ్వాలి, పలువురిని కలిపి తీసేస్తే 45 రోజులు. సంతకం చేశాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. ఇది 1990 నుంచి ఉన్న చట్టం. మనలో నలభై దాటినవారికి కొదవ లేదు. ఎల్‌సీఏ సంగతి ఇంకా విచిత్రం. వీసా పిటిషన్ ఆమోదించినట్టు వచ్చే ఐ-797 కాగితాన్ని బ్యాంకు లాకరులో బంగారంతో పాటు దాచుకుంటాం. మన జీతం ఎంతో యజమాని ప్రభుత్వానికి రాసిచ్చిన ఎల్‌సీఏ ప్రతిని మాత్రం పనిలో చేరేనాటికే మన చేతికి ఇవ్వాలన్న సంగతి కూడా తెలియదు.

ఇవన్నీ మహాసభల్లో ఒక గది పెట్టి చెప్పించవచ్చు కదా అంటారు. ఎందుకు చెప్పించడం లేదో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. వేదిక వెనుక తెర మీద ఉండే స్పాన్సర్ల పేర్లు చదవండి. కన్సల్టెన్సీలు ఉంటాయి. బెంచ్ జీతం గురించి చెప్పే ఉపన్యాసానికి కన్సల్టెన్సీ యజమాని చేత దీపం వెలిగించలేం. ఆ యజమానులందరూ దోపిడీదారులని నేననడం లేదు. ఎంతోమందిని ఇక్కడికి తెచ్చి, తిండి పెట్టి, కారు నడపడం నేర్పి, నిలబెట్టినవాళ్లు వాళ్లలో ఉన్నారు. బెంచ్ మీద ఉన్నవాళ్లకు అప్పు తెచ్చి జీతాలిచ్చిన మనిషి నాకు తెలుసు. నియమాలు పాటించే అలాంటివాళ్లకు అన్యాయం చేస్తున్నది పాటించనివాళ్లే, ఎందుకంటే జీతం ఎగ్గొట్టేవాడు తక్కువ రేటుకు ప్రాజెక్టు పట్టుకుపోతాడు. ఈ గది లేకపోవడం వల్ల నష్టం వాళ్లకూ ఉంది.

అయినా గది చాలదు, ఊరవతలికి వెళ్లాలి. ఎందుకో అసిలోమార్‌లో అర్థమైంది. మహాసభల్లో ప్రతి మనిషీ ఎవరికో ఒకరికి వేలు విడిచిన చుట్టం. జీతాల గురించి చెప్పే గదిలోకి ఎవరు వెళ్లారో భోజనాల వేళకు మూడు జిల్లాలకు తెలిసిపోతుంది. సముద్రపు ఒడ్డున, దిబ్బల మీది చెక్క బాట పట్టుకుని ఇద్దరు నడుచుకుంటూ పోతుంటే ఏం మాట్లాడుకుంటున్నారో ఎవరికీ పట్టదు. సలహా కోసం లాయరుతో మాట్లాడిన మొదటి మాట నుంచే, ఆ లాయరును పెట్టుకోకపోయినా సరే, గోప్యత వర్తిస్తుంది. ధైర్యానికని బావగారిని పక్కన కూర్చోబెట్టుకుంటే మాత్రం ఆ రక్షణ చెడే ప్రమాదం ఉంది. మనవాళ్లు లాయరు దగ్గరికి ఒంటరిగా రారు, అదొక బాధ. విడిగా నడిచే బాట ఉన్న చోటైతే బావగారిని జింకలకు అప్పగించి రావచ్చు.

మా రిట్రీట్‌ను ఆకాశానికెత్తాలని లేదు. ఖర్చెక్కువ, కొత్తగా వృత్తిలోకి వచ్చినవాళ్లు భరించలేరు. మనలాంటి ముఖాలు అరుదు. తెల్లవారుజామున యోగా నేర్పే అమ్మాయి నాకు సూర్య నమస్కారం అర్థం వివరించింది, శ్రద్ధగా విన్నాను. కంపెనీల తరఫు లాయర్లను అసలు రానివ్వకపోవడం మీద నాకు కొంత అభ్యంతరం ఉంది, పగటి ఉపన్యాసాలకైనా పిలవాలంటాను. రాత్రి నెగడు దగ్గరికి మాత్రం వద్దు. అక్కడ అవతలివాడు కూర్చుంటే "ఒకానొక ఉద్యోగి" నోరు విప్పడు.

మన సంఘానికి నా ప్రతిపాదన ఇది. ఏడాదిలో ఒక్క వారాంతం, మహాసభలతో సంబంధం లేకుండా, ఊరికి దూరంగా. మాకు రాష్ట్ర పార్కులున్నాయి, న్యూజెర్సీ వారికి పోకనో కొండలు, అట్లాంటా వారికి ఉత్తర జార్జియా కొండలు ఉన్నాయి. ఉద్యోగుల తరఫు లాయర్లు కొందరు, స్వతంత్రంగా పనిచేసే ఇమిగ్రేషన్ లాయర్లు కొందరు, ఒకే బల్ల దగ్గర. పగలు అందరికీ పనికొచ్చే చట్టం, సాయంత్రం ఒక్కొక్కరికి విడిగా అరగంట. మెడలో వేలాడే కార్డు మీద కంపెనీ పేరు ఉండదు. ఫోటోలు ఉండవు, శాలువాలు ఉండవు. వచ్చినవారే తలా ఇంత వేసుకుందాం, వీసా మీద కొత్తగా వచ్చిన పిల్లల దగ్గర తీసుకోవద్దు. వంటకు మనవాళ్లు ఎలాగూ వెనుకాడరు.

వచ్చే కార్యవర్గ సమావేశంలో దీన్ని రాతపూర్వకంగా పెడుతున్నాను. తేదీ, చోటు, వంటల జాబితా మీద ఎంతైనా చర్చిద్దాం. స్పాన్సర్లు ఉండకూడదన్న షరతు మీద మాత్రం బేరం లేదు. ఎవరైనా కన్సల్టెన్సీ యజమాని రావాలనుకుంటే తన టికెట్టు తాను కొనుక్కుని, వెనుక వరుసలో కూర్చుని వినవచ్చు.