108 వచ్చేలోగా మన చేతులు ఏం చేస్తున్నాయి?

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో ఒకాయన కుప్పకూలితే, డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్ చేసి, అంటే ఆగిన గుండె మళ్లీ కొట్టుకునేలా ఛాతీని పదేపదే నొక్కి, బతికించిన వీడియో గుర్తుందా? మనమంతా తెగ షేర్ చేశాం. షేర్ చేసినవాళ్లలో ఎంతమందికి ఛాతీ మీద చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలుసో, అడిగితే మాత్రం నీళ్లు నమలాల్సిందే. నేనూ అప్పటికి ఆ బాపతే.

2005 ఆగస్టు 15న 108 మొదలయ్యాక లక్షల ప్రాణాలు నిలబడ్డాయి, అందులో అనుమానం లేదు. కానీ దాంతోపాటు ఒక అలవాటు కూడా వచ్చింది. ఫోన్ కొట్టేశాం కదా, కుయ్ కుయ్‌మంటూ బండి వస్తుంది, అంతవరకు చుట్టూ మూగి చూద్దాం అని. గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మన ట్రాఫిక్‌లో ఆలోపు ఏ అంబులెన్సు వస్తుంది చెప్పండి? ఆ కాసేపు పక్కనున్నవాడే డాక్టరు.

అసలు చిక్కేమిటంటే ఆ పక్కనున్నవాడు ఊరికే ఉండడు, తెలిసిందేదో చేస్తాడు. చెయ్యి కాలితే టూత్‌పేస్టు పూస్తారు, తెగితే కాఫీపొడి అద్దుతారు, ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టి పళ్ల మధ్య చెంచా దూరుస్తారు. మా ఇంట్లో ఇవన్నీ జరిగాయి, చేసినవాళ్లు ప్రేమతోనే చేశారు. కాలిన చోట ఒక ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లు పోసి, వాపు రాకముందే గాజులూ ఉంగరాలూ తీసేస్తే చాలు. ఫిట్స్ వచ్చినవాళ్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. పాము కరిస్తే పొలాల్లో ఇప్పటికీ తాడుతో బిగించి కడుతున్నారు. రక్తపింజర విషం కరిచిన చోటే కండను తినేస్తుంది, కట్టు బిగిస్తే ఆ కాలు ఇంకా తొందరగా పోతుంది. కట్లపాము కాటైతే నొప్పే పెద్దగా ఉండదు కాబట్టి పొద్దున చూద్దాంలే అనుకుంటారు, ఆ ఆలస్యమే చంపేస్తుంది. కాలు కదలకుండా పట్టుకుని, యాంటీవెనమ్ (విషానికి విరుగుడు మందు) ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి, అంతే.

అందుకే ప్రథమ చికిత్స కిట్ కన్నా ముందు శిక్షణ కావాలంటాను. సీపీఆర్ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలని చదివి తెలుసుకోవచ్చు, కానీ బొమ్మ మీద ఒకసారి చేస్తేనే తెలుస్తుంది రెండు నిమిషాల్లో మన పని ఎలా అయిపోతుందో, ఇంకొకరు అందుకోవడం ఎందుకు అవసరమో. గుండె ఆగినవాళ్ల ఎగశ్వాస చూసి "ఊపిరి ఉందిలే" అని ఆగిపోవడం ఎంత పెద్ద పొరపాటో కూడా నాకు శిక్షణలోనే తెలిసింది.

కిట్ సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. శుభ్రమైన గాజుగుడ్డ, రోలర్ బ్యాండేజి, గ్లౌజులు, కత్తెర, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో సగం వేసి తాగించకూడదు. విరిగిన చేతిని మెడకు వేలాడదీయడానికి కండువాను మించింది లేదు. ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీలు చూసుకోండి. మా కారు డబ్బాలోని ఆయింట్‌మెంట్ కారు కన్నా ముందే ముసలిదైంది.

రోడ్డు మీద యాక్సిడెంట్ అయితే ఆపడానికి భయం, పోలీస్ కేసని. సాయం చేసినవాళ్లను వేధించకూడదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016లోనే ఆమోదం తెలిపింది, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ కూడా వచ్చింది. పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఈ మాట ఎందరికి తెలుసు?

ఫ్యాక్టరీల చట్టం 1948లోనే ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె, దాని బాధ్యత చూసే ఒక మనిషి ఉండాలని రాసింది. చూడండి, పెట్టెతో పాటు మనిషినీ అడిగింది. మా అపార్ట్‌మెంట్‌లో అంతకన్నా ఎక్కువ మందే ఉంటాం. ఒక ఆదివారం శిక్షణ పెట్టిద్దామని వాట్సాప్ గ్రూపులో అడిగితే పదకొండు బొటనవేళ్లు వచ్చాయి. ఆదివారం మాత్రం ఇంకా రాలేదు.