మా పాపకు అది తన పండగే

యూఏఈలో ఉండే ప్రవాస కుటుంబాలకు ఈ దేశ జాతీయ దినోత్సవం (డిసెంబర్ 2) అంటే ఒక సెలవు, బీచ్‌లో ఒక పూట, అంతే అని ఒక వ్యాసంలో రాశారు. మా ఇంట్లో అలా కాదండీ. మేం దుబాయ్ వచ్చి పదకొండేళ్లయింది. ఏటా డిసెంబర్ 2న పొద్దున్నే చాప, పులిహోర డబ్బా పట్టుకుని జుమేరా వైపు బీచ్‌కి వెళ్తాం. ఎండాకాలంలో కాలు పెట్టలేని ఇసుక అప్పటికి హాయిగా చల్లబడి ఉంటుంది.

పోయినేడు మా పాప ఇసుకలో ఏడు గుంటలు తవ్వి, యూఏఈలో కలిసిన ఏడు రాజ్యాల్లో, అంటే ఎమిరేట్లలో, ఒక్కోదానికి ఒకటి అంటూ సముద్రం నీళ్లు పోసింది. ఆరు నింపి ఆగిపోయింది. ఏడోది ఎందుకు వదిలేశావమ్మా అంటే, "1971లో ఆరే కలిశాయి నాన్నా, రస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరిలో వచ్చింది, ఇంకొంచెం ఆగాలి" అంది. బళ్లో చెప్పారట. ఇన్నేళ్లుగా ఇక్కడున్నా నాకు ఆ సంగతి తెలియదు. పక్కనే కూర్చున్న ఎమిరాతీ (ఈ దేశస్థురాలు) పెద్దావిడకు విషయం చెబితే, మెడలోని జెండా రంగుల కండువా తీసి పాపకు వేసింది. నాకు కళ్లు చెమర్చాయి.

పాప పుట్టింది ఇక్కడే, పాస్‌పోర్ట్ భారతదేశానిది. ఆగస్టు 15న కూడా ఇంతే హుషారుగా జెండా పట్టుకుంటుంది. ఏది ఎక్కువ అని మేం ఎప్పుడూ అడగలేదు. ఆ కండువా ఇప్పటికీ తన స్కూల్ బ్యాగ్‌లోనే ఉంది.