రిపోర్టు నార్మల్ వస్తే డోసు కుదిరినట్టేనా?

“టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉందండీ, ఇదే మాత్ర కంటిన్యూ చేయండి.” హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ గ్రంథి మందగించిన జబ్బు ఉన్నవాళ్ళలో ఈ మాట విననివాళ్ళు దాదాపు ఉండరు. టీఎస్‌హెచ్ అంటే దానికి చేసే రక్తపరీక్షలో వచ్చే అంకె. కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే రిపోర్టు చూడటం, మాట చెప్పడం, చీటీ రాయడం అయిపోతాయి. మెట్లెక్కితే కాళ్ళు లాగేస్తున్నాయని, దువ్వెన నిండా జుట్టు వస్తోందని, మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయని చెప్పుకుందామని వెళ్ళిన మనిషి ఒక్కటీ చెప్పకుండానే బయటికి వచ్చేస్తుంది. ఏళ్ళ తరబడి ఈ మాత్ర వేసుకుంటున్నదాన్ని. నాకు దీని మీద చాలా కోపం ఉంది, ఇవాళ పూర్తిగా రాస్తాను. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

అసలు గొడవ ఏమిటంటే, థైరాయిడ్ మాత్ర డోసును అందరూ ఒకసారి రాయించుకుంటే జన్మంతా సరిపోయేదిగా చూస్తున్నారు. కొందరు డాక్టర్లూ అంతే, పేషెంట్లలో చాలామందీ అంతే. నిజానికి డోసు కుదరడానికే నెలలు పడుతుంది. కుదిరాక కూడా బరువు మారినా, వయసు పెరిగినా, కొత్త మందు ఏదైనా మొదలైనా, కడుపులో బిడ్డ పడినా మళ్ళీ చూసుకోవాలి. ఈ సంగతి మొదటి రోజే చెప్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

లెక్క ఎలా నడుస్తుందో ముందు చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మెడ ముందున్న థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా తయారుచేసేది టీ4, అంటే థైరాక్సిన్. ఒంట్లో అది టీ3గా మారి అసలు పని చేస్తుంది. రక్తంలో హార్మోన్ తగ్గితే మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి పసిగట్టి, ఇంకా పని చెయ్యమంటూ టీఎస్‌హెచ్ ఎక్కువగా వదులుతుంది. అందుకే థైరాయిడ్ మందగించే కొద్దీ టీఎస్‌హెచ్ అంకె పెరుగుతుంది. “అంకె పెరిగింది కదా, మాత్ర తగ్గించాలేమో” అనుకుని సొంతంగా మానేసినవాళ్ళను చూశాను. అంకె పెరిగిందంటే సాధారణంగా హార్మోన్ చాలట్లేదని అర్థం.

మనం మింగే లెవోథైరాక్సిన్ అచ్చంగా ఆ టీ4నే. 1891లో జార్జ్ ముర్రే అనే ఇంగ్లండ్ డాక్టరు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తే, తీవ్రమైన హైపోథైరాయిడ్‌తో ఉన్న ఒకావిడ కోలుకుని ఆ తర్వాత 28 ఏళ్ళు బతికింది. 1914లో కెండాల్ అనే శాస్త్రవేత్త థైరాక్సిన్‌ను విడిగా తీయగలిగారు, 1927లో హారింగ్టన్, బార్జర్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఇంత మంచి మందు చేతిలో ఉండగా కొలత దగ్గర ఇంత నిర్లక్ష్యం ఎందుకన్నదే నా బాధ.

ఈ మందు కొలత మైక్రోగ్రాముల్లో ఉంటుంది, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. 25, 50, 75, 88, 100, 112, 125 అంటూ అన్ని రకాల మాత్రలు ఊరికే తయారుచెయ్యలేదు. 12.5 మైక్రోగ్రాముల తేడా కూడా కొందరి ఒంటికి తెలుస్తుంది. గ్రంథి పూర్తిగా పని మానేసినవాళ్ళకు కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు కావాలని ఒక అంచనా. 60 కిలోల మనిషికి దగ్గరదగ్గర 100. గ్రంథి ఇంకా కొంత పని చేస్తుంటే అంత అక్కర్లేదు. పెద్దవయసువాళ్ళకు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు 12.5 లేదా 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, లేకపోతే గుండె మీద భారం పడుతుంది. కాబట్టి “నీది 100 అట, నాది 50యే, నాకు జబ్బు తక్కువ” అని పోల్చుకోవడం దండగ. టీఎస్‌హెచ్ అంకెనూ అలా చదవకూడదు. టీ4 కొద్దిగా తగ్గినా టీఎస్‌హెచ్ రెట్లకు రెట్లు పెరుగుతుంది. 4 వచ్చినవాళ్ళ కంటే 8 వచ్చినవాళ్ళకు జబ్బు రెండింతలని లెక్క కట్టలేం.

అందరూ తొందరపడేది కాలం దగ్గర. రక్తంలో టీ4 సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది. అంటే డోసు మార్చాక కొత్త మట్టం నిలకడకు రావడానికి 5, 6 వారాలు. అందుకే డోసు మార్చిన 6 నుంచి 8 వారాలకు పరీక్ష చేయించమంటారు. రెండో వారానికే ల్యాబుకు పరిగెత్తి, ఆ అంకె చూసి మళ్ళీ డోసు మార్పించుకుంటే ఇక ఎప్పటికీ కుదరదు, ఊగుతూనే ఉంటుంది. నీరసం ముందు తగ్గుతుంది. జుట్టు, చర్మం బాగుపడటానికి నెలలు పడుతుంది. ఈ మాట ఎవరూ చెప్పకపోవడం వల్ల “మాత్ర పనిచెయ్యట్లేదు” అని నెలకే మానేసేవాళ్ళున్నారు.

ఇప్పుడు మా పిన్ని సంగతి. ఆవిడకు 75 రాశారు, చాల్లేదు. 100 చేశారు, చాల్లేదు. 125 చేశారు, టీఎస్‌హెచ్ ఇంకా దిగట్లేదు. ప్రతిసారీ రిపోర్టు చూశారు, ప్రతిసారీ డోసు పెంచారు. “పిన్నీ, మాత్ర ఎలా వేసుకుంటావు, ఒకసారి చూపించు” అన్నాను. పొద్దున్నే అరచేతిలో మూడు మాత్రలు పోసుకుంది. చిన్నది థైరాయిడ్‌ది, ఎర్రగా ఉన్నది ఐరన్, పొడుగ్గా ఉన్నది కాల్షియం. మూడూ కలిపి ఒకే గుక్కలో మింగేసి, గ్లాసు కింద పెట్టకుండానే కాఫీ అందుకుంది. “పరగడుపున వేసుకోమన్నారు కదే, వేసుకుంటున్నా కదా” అంది. ఆవిడ చెప్పినట్టే చేసింది, ఆవిడ తప్పేమీ లేదు. ఐరన్, కాల్షియం ఆ థైరాక్సిన్‌ను పేగుల్లోనే పట్టేసుకుంటాయని, నాలుగు గంటల ఎడం ఉండాలని ఆవిడకు చెప్పినవాళ్ళు లేరు. ఆ రెండింటినీ రాత్రికి మార్చుకుంది. తర్వాత ఏమైందో చూడండి. 125 మొత్తం ఒంటికి పట్టడం మొదలై రెండు నెలలకు గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం. టీఎస్‌హెచ్ ఉండాల్సినదానికంటే కిందికి పడిపోయింది. చివరికి 88 దగ్గర కుదిరింది. “ఎలా వేసుకుంటున్నారమ్మా” అన్న ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే ఇదంతా జరిగేదే కాదు.

కాబట్టి మాత్ర మంచినీళ్ళతో మింగాలి, తర్వాత అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకూడదు, కాఫీ కూడా వద్దు. పొద్దున కుదరకపోతే రాత్రి తిన్న మూడు గంటల తర్వాత పడుకునే ముందు వేసుకోవచ్చు, అదీ బాగానే పనిచేస్తుంది. ఏ వేళ ఎంచుకున్నా రోజూ ఒకేలా ఉండాలి. గ్యాస్ తగ్గడానికి వేసుకునే మాత్రలు, సోయా కూడా దీన్ని సరిగ్గా ఒంటికి పట్టనివ్వవు. మూర్ఛ మందుల్లో కొన్ని, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు మొదలుపెడితే డోసు పెంచాల్సి రావచ్చు. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నవాళ్ళు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి: కొన్ని ల్యాబు పద్ధతుల్లో అది రిపోర్టునే తప్పుగా చూపిస్తుంది, టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. రక్తం ఇచ్చే రోజు మాత్ర పరీక్ష అయ్యాకే వేసుకుంటే మంచిది. ఒక పూట మర్చిపోతే కంగారు పడక్కర్లేదు, గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. బరువు తగ్గడం కోసం డోసు పెంచమని అడిగేవాళ్ళు, పెంచకపోతే సొంతంగా ఒకటిన్నర వేసుకునేవాళ్ళు పెరిగిపోయారు. దయచేసి చెయ్యకండి. థైరాయిడ్ వల్ల పెరిగే బరువు మామూలుగా 2 నుంచి 5 కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పు, నీరు. మిగతాదానికి కారణం వేరే ఉంటుంది. ఎక్కువ డోసు మీద ఉంటే గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుంది, పీరియడ్స్ ఆగిపోయిన ఆడవాళ్ళలో ఎముకలు గుల్లబారతాయి. ఒంట్లో హుషారు పెరిగినట్టు అనిపిస్తుంది కాబట్టి ఈ నష్టం చాలాకాలం బయటపడదు, అదే భయం.

సరే, ఆ “నార్మల్” సంగతికి వద్దాం. చాలా ల్యాబుల్లో 0.4 నుంచి 4 చిల్లర వరకు నార్మల్ అని వేస్తారు. అది జనం మొత్తానికి వేసిన హద్దు. మన ఒంటికి నప్పే మట్టం అందులో ఎక్కడైనా ఉండొచ్చు. వయసుతో టీఎస్‌హెచ్ సహజంగానే పెరుగుతుంది, డెబ్బై దాటినవాళ్ళకు 5, 6 వచ్చిందని వెంటనే మాత్ర అంటగట్టనక్కర్లేదు. 2017లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, టీ4 బాగానే ఉండి టీఎస్‌హెచ్ మాత్రమే కొంచెం పెరిగిన వృద్ధులకు లెవోథైరాక్సిన్ ఇస్తే నీరసం వంటి లక్షణాల్లో ప్రయోజనం కనిపించలేదు. పిట్యూటరీలోనే లోపం ఉన్నవాళ్ళకైతే టీఎస్‌హెచ్ చూసి డోసు నిర్ణయించడమే తప్పు, ఫ్రీ టీ4, అంటే రక్తంలో దేనికీ అంటుకోకుండా విడిగా ఉన్న టీ4 చూడాలి. అంటే ఒకే అంకె ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ, ఒకరికి అసలు లెక్కలోకే రాదు. ఎదుట కూర్చున్నవాళ్ళను చూడకుండా రిపోర్టు మాత్రమే చూసేవాళ్ళకు ఇదంతా ఎలా తెలుస్తుంది?

అంకె నిజంగానే బాగుండి, మాత్ర సరిగ్గానే వేసుకుంటూ, అయినా ఒళ్ళు బాగుండనివాళ్ళు కొందరుంటారు. వాళ్ళను “అంతా మీ భ్రమ” అని పంపించేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రక్తం తక్కువైందేమో, బీ12, విటమిన్ డీ తగ్గాయేమో, షుగర్ వచ్చిందేమో, నిద్రలో ఊపిరి ఆగుతోందేమో, డిప్రెషన్ ఉందేమో చూడాలి కదా. మన థైరాయిడ్ మందగించడానికి మామూలు కారణమైన హషిమోటో జబ్బు (మన రోగనిరోధక వ్యవస్థే గ్రంథిని దెబ్బతీయడం) ఉన్నవాళ్ళలో ఇలాంటి ఇతర జబ్బులు కొన్ని మిగతావాళ్ళకంటే ఎక్కువగానే వస్తాయి. ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే టీ4తో పాటు టీ3 ఇచ్చి చూసే పద్ధతి ఒకటి ఉంది. సగటున చూస్తే టీ4 ఒక్కటే ఇచ్చినదానికంటే మెరుగని పరీక్షల్లో పెద్దగా తేలలేదు, కానీ అది బాగుందని చెప్పిన పేషెంట్లూ ఉన్నారు. ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టరు పర్యవేక్షణలో ప్రయత్నించాల్సిన విషయమిది, సొంతంగా తెప్పించుకుని మింగేది కాదు.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, డోసు, కంపెనీ పేరు, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, ఆ రోజుల్లో ఒళ్ళు ఎలా ఉందో రెండు ముక్కలు. మందుల షాపులో కంపెనీ మార్చి ఇస్తే అది కూడా రాసుకుని, 6 వారాలకు పరీక్ష చేయించుకోండి. కంపెనీ మారితే కొందరికి అంకె మారుతుంది. నోట్‌బుక్ తెరిచి చూపిస్తే తొందరలో ఉన్న డాక్టరు కూడా ఆగి వింటారు, నేను చూశాను.

అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లల్ని కనాలనుకుంటున్న అమ్మాయిలకు చెప్తున్నాను. పైన ఆరు వారాలు ఓపిక పట్టమన్నాను, అది ఇక్కడ చెల్లదు. మొదటి నెలల్లో బిడ్డ పూర్తిగా తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది, బిడ్డ మెదడు తయారయ్యేది అప్పుడే. నెల తప్పిందని తెలియగానే చాలామందికి డోసు పాతికా ముప్ఫై శాతం దాకా పెంచాల్సి వస్తుంది. వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకోమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరికితే అప్పుడు కనుక్కుందాంలే అనుకోకుండా, నెల తప్పితే ఏం చెయ్యాలో ముందే అడిగి పెట్టుకోండి. సగం నెలలు నిండేదాకా ప్రతి నాలుగు వారాలకు పరీక్ష చేయించుకోవాలి. కాన్పు అయ్యాక సాధారణంగా పాత డోసుకు వచ్చేస్తారు, ఆరు వారాలకు మళ్ళీ రక్తం ఇవ్వాలి. పసిబిడ్డ హడావుడిలో ఇంటిల్లిపాదీ మర్చిపోయేది ఈ పరీక్షనే. ఆ నీరసాన్ని నిద్రలేమి ఖాతాలో వేసి నెట్టుకొస్తుంటారు. పాలిచ్చే తల్లులు ఈ మాత్ర నిశ్చింతగా వేసుకోవచ్చు, బిడ్డకు ఏమవుతుందో అన్న భయంతో మానెయ్యకండి.