వాల్వు ఇరుకైతే ఆపరేషన్ ఉచితం, ఇరుకు కాకుండా ఆపే సూదికే దిక్కు లేదు

గుండెజబ్బు అనగానే కొలెస్టరాల్, సిగరెట్లు, స్టెంట్ల గురించే మాట్లాడుకుంటాం. పేదింటి పిల్లలను పట్టి పీడించే ఇరుకు వేరే ఉంది. అది గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మిట్రల్ వాల్వులో వస్తుంది. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకోవాల్సిన ఆ ద్వారం 1.5కు తగ్గిందంటే జబ్బు ముదిరినట్టే.

దీనికి మూలం గొంతులో ఉంది. స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చిన గొంతునొప్పికి సరైన మందు పడకపోతే, కొందరు పిల్లలకు రెండు మూడు వారాల్లో రుమాటిక్ జ్వరం వస్తుంది. ఇవాళ మోకాలు వాస్తుంది, నాలుగు రోజులకు మోచెయ్యి. వాపు దానంతటదే తీసిపోతుంది కనుక ఇంట్లోవాళ్లు మరిచిపోతారు. జ్వరం తిరగబెట్టినప్పుడల్లా వాల్వు రెక్కలు మరింత మందమై, అంచులు అతుక్కుపోతాయి.

చాలామంది ఆడపిల్లలకు ఈ సంగతి గర్భం దాల్చాకే బయటపడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. ఇరుకు వాల్వు ఆ రక్తాన్ని ముందుకు పోనివ్వక, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం. రక్తం తక్కువైందని ఐరన్ మాత్రలిచ్చి పంపేస్తే తల్లి ప్రాణానికే ముప్పు.

జపాన్ వైద్యుడు కాంజి ఇనోవే 1982లో తొలిసారి బెలూన్‌తో ఈ వాల్వును తెరిచారు. తొడ దగ్గరి సిర గుండా గుండెలోకి చేరే ఆ బెలూన్, ఛాతీ కోయకుండానే ఎందరినో బతికించింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదలకూ గుండె ఆపరేషన్లు అందాయి. అది గొప్ప మేలు, కాదనను.

నా కోపమల్లా దానికి ముందు జరగనిదాని మీదే. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన బిడ్డకు మూడు, నాలుగు వారాలకోసారి బెంజథీన్ పెన్సిలిన్ సూది వేయించాలి. కనీసం ఐదేళ్లు; వాల్వు దెబ్బతింటే నలభై ఏళ్లు వచ్చేదాకా కూడా. పాలలా తెల్లగా, చిక్కగా ఉండే ఆ మందు సన్నటి సూదిలో ఇరుక్కుపోతుంది. లావు సూదితో పిరుదుకు నెమ్మదిగా ఎక్కించాలి. నొప్పికి పిల్లలు హడలిపోతారు. పెన్సిలిన్ వికటిస్తుందేమోనన్న భయంతో చిన్న ఆసుపత్రులు ఆ సూది వేయడానికి ఒప్పుకోవు. పట్నానికి పోతే తల్లికి ఒకరోజు కూలి పోతుంది. అలా ఒక నెల తప్పుతుంది, తర్వాత పూర్తిగా ఆగిపోతుంది.

టీకాల కోసం ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తల చేతిలో ఈ పిల్లల జాబితా కూడా ఉండాలి. సూది తప్పిన వారంలోపే ఇంటికెళ్లి అడగాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ మందుతోపాటు, వికటిస్తే ఆదుకునే అడ్రినలిన్, అది వాడటం తెలిసిన నర్సు ఉండాలి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం కింద వాల్వు చికిత్సకు వచ్చిన ప్రతి రోగినీ చిన్నప్పుడు పెన్సిలిన్ మొదలుపెట్టారా, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అని దరఖాస్తులోనే అడగాలి. ఆ సమాధానాలను రెండు రాష్ట్రాలూ జిల్లాలవారీగా బయటపెట్టాలి.